చెక్కు రాసే ముందు మెట్లెక్కండి

వానాకాలం వచ్చి పదిహేను రోజులు గడిచేసరికి జగిత్యాల టవర్ సర్కిల్ చుట్టూ ఉన్న దుకాణాల్లో, కోరుట్లలో 63వ నంబరు జాతీయ రహదారి వెంట లేచిన కాంప్లెక్సుల్లో, సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) కార్ఖానాల్లో ఒకటే మాట వినిపిస్తుంది: "స్లాబ్ ఉరుస్తోంది." ఆ వెంటనే రెండు సలహాలు వస్తాయి. "పైన ఒక కోటింగ్ కొట్టిస్తే అయిపోతది సేటూ" అనేది ఒకటి. "పాతదంతా లేపి కొత్తగ ఏస్తే తప్ప ఆగదు" అనేది రెండోది. మొదటి మాట విని వేలల్లో, రెండో మాట విని లక్షల్లో పెట్టినవాళ్లు ఈ మూడు ఊళ్లలోనూ ఉన్నారు. సలహా ఇచ్చినవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు, పైకెక్కి చూడకుండా చెప్పారంతే. చూడాల్సిన బాధ్యత యజమానిది. ఎకరం పొలం కొనాలంటే నాలుగుసార్లు గట్టు చుట్టూ తిరిగి వస్తాం. నెత్తి మీదున్న కప్పు విషయంలో మాత్రం ఎవరో ఫోన్‌లో చెప్పిన అంచనాకు సరే అంటాం. ఈ అలవాటు మార్చుకోవాలన్నదే ఈ అధ్యాయం ఉద్దేశం.

కప్పు అని ఒక్క మాటలో అంటాం గానీ అందులో మూడు పొరలున్నాయి. అడుగున ఇనుప సలాకలు కట్టి పోసిన కాంక్రీటు స్లాబ్. చిన్న కాంప్లెక్సుల్లో అది నాలుగున్నర, అయిదు అంగుళాల మందం ఉంటుంది. దాని మీద, వాన నీళ్లు తూము వైపు నడిచేలా వాటం ఇచ్చి వేసిన ఇటుక ముక్కల కోబా. అన్నింటికంటే పైన డాంబర్ షీటో, టైల్సో, రంగులా పూసిన వాటర్‌ప్రూఫ్ కోటింగో. ఎండకూ వానకూ ముందు పోయేది పైపొర. కోటింగ్ అయితే అయిదారేళ్లకో పదేళ్లకో దాని పని అయిపోతుంది. మంచి మేస్త్రీ వేసిన కోబా ఇరవై ఏళ్లు దాటినా నిలుస్తుంది. స్లాబ్ అంతకు రెట్టింపు ఉండాలి. రిపేరా, మార్పా అన్న ప్రశ్నను ఈ మూడింటికీ విడివిడిగా వేసుకోవాలి. పైపొర పోయిన చోట స్లాబే పోయిందని భయపడితే డబ్బు పోతుంది. స్లాబ్ పోతున్న చోట పైపొర పూసి ఊరుకుంటే కింద కూర్చున్న మనిషికే ప్రమాదం.

మొదట కింది నుంచే మొదలుపెట్టండి. ఒక తెల్లకాగితం మీద గది కొలతలు గీసి, పిల్లర్లు, దూలాలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి. చెమ్మ మచ్చ ఉన్న ప్రతిచోటునూ రెండు గోడల నుంచి టేపుతో కొలిచి కాగితం మీదికెక్కించండి. ఆ కాగితం పట్టుకుని పైకెక్కితే సరిగ్గా ఆ చోటు మీదే నిలబడగలరు. అయితే నీళ్లు కారిన చోటే దిగాయని అనుకోకండి. కోబాలోకి దిగిన నీళ్లు స్లాబ్ మీద వాటం ఉన్న వైపు పాకి, సన్నని పగులు దొరికిన చోట కిందికి వస్తాయి. దిగిన చోటికీ కారిన చోటికీ పది పదిహేను అడుగుల దూరం ఉండటం మామూలే. కింద మచ్చకు నేరుగా పైన ఒక చదరం కోటింగ్ కొట్టించి, మళ్లీ అక్కడే ఉరుస్తోందని తలపట్టుకునేది ఇందుకే.

ఆ కాగితం మీద ఇంకొకటి రాయండి: ఎప్పుడు కారింది? వాన మొదలైన పది నిమిషాల్లోనే కారితే పైన ఎక్కడో తెరిచిన దారి ఉంది. అది పైపు దిగిన రంధ్రం కావచ్చు, తూము మూతి కావచ్చు. వాన వెలిసిన మర్నాడు మొదలై మూడు రోజులు చుక్కలు రాలితే కోబా నీళ్లు తాగి ఉంది. నడి ఎండాకాలంలోనూ మచ్చ ఆరకపోతే ఆ నీళ్లకూ వానకూ సంబంధం లేదు, పై అంతస్తు బాత్రూమ్ పైపులూ ట్యాంకు కనెక్షన్లూ వెతకాలి. గంటసేపు దంచికొట్టే వానకంటే ముసురే కప్పుకు అసలు పరీక్ష. 2022 జులైలో ఉత్తర తెలంగాణ అంతటా రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు, అంతకుముందు జడివానలకు చెక్కుచెదరని స్లాబులు కూడా ఉరిశాయి. తడి ఆరే వ్యవధి లేకపోతే సన్నని దారి కూడా నీటికి చాలు.

సిరిసిల్లలో సైజింగ్, డైయింగ్ యూనిట్లు నడిపేవాళ్లూ, బాయిలర్ ఉన్న రైస్ మిల్లులవాళ్లూ, పెద్ద వంటగది ఉన్న హోటళ్లవాళ్లూ ఒక్క క్షణం ఇక్కడ ఆగాలి. స్లాబ్ కింది వైపు చుక్కలు కనిపించినంత మాత్రాన అది లీకు కాదు. గదిలోని ఆవిరి చల్లని స్లాబ్‌కు తగిలి నీళ్లవుతుంది. తేల్చుకోవడానికి ఖర్చేమీ లేదు. రెండడుగుల పాలిథిన్ ముక్కను స్లాబ్ కింది వైపు అన్ని అంచులకూ టేపు వేసి అతికించి, ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి మీ వైపు తడి ఉంటే అది ఆవిరి. పాలిథిన్‌కూ స్లాబ్‌కూ మధ్య తడి ఉంటే నీళ్లు పై నుంచి దిగుతున్నాయి. మొదటి రకానికి కావలసింది ఎగ్జాస్ట్ ఫ్యాను. పైన ఎన్ని కోటింగులు కొట్టించినా ఆ చుక్కలు ఆగవు.

ఇక పైకి. చెత్త, ఆకులు, పాత సామాను ఊడ్పించి, ఎండ ముదరకముందే వెళ్లండి. చాలామంది నేరుగా స్లాబ్ నడుమకు పోయి వంగి చూస్తారు. నడుమ తక్కువగా పాడవుతుంది. అంచుల్లో, రంధ్రాల్లో, తూముల దగ్గర ఎక్కువగా పాడవుతుంది. పిట్టగోడ స్లాబ్‌ను తాకే మూల చుట్టూ ఒక్కసారి నడవండి. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు దాటుతుంది, స్లాబ్ పైభాగం అరవై దాకా కాగుతుంది, అర్ధరాత్రికి చల్లబడుతుంది. అరవై అడుగుల పొడవున్న స్లాబ్ ముప్ఫై డిగ్రీల తేడాకు అయిదారు మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. పిట్టగోడ అంత సాగదు. అందుకే ఆ మూలన పొడుగూతా పర్రె పడుతుంది. దాన్ని ప్రతి ఏడాదీ సిమెంటుతో పూడ్పిస్తే ప్రతి ఏడాదీ అక్కడే విచ్చుకుంటుంది, ఎందుకంటే సిమెంటుకు సాగే గుణం లేదు. పర్రెను వెడల్పు చేసి, శుభ్రం చేసి, రబ్బరులా సాగే పాలీయురేథేన్ సీలెంట్ నింపి, పైన గుండ్రంగా గోలా తిప్పాలి. స్లాబ్ మొత్తం ఉరుస్తోందని అనుకున్న కప్పుల్లో కొన్నింటికి ఈ ఒక్క పనితో సరిపోతుంది.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు మరొకటి తప్పకుండా చూడాలి. గల్ఫ్ సంపాదనతో కింద దుకాణాలు, పైన ఇల్లు కట్టిన భవనాల్లో చాలావాటి మీద, రేపు వేయబోయే అంతస్తు కోసం పిల్లర్ల సలాకలు మూడు నాలుగు అడుగులు పైకి వదిలేసి ఉంటాయి. ఆ అంతస్తు పదేళ్లయినా పడదు. సలాకలు తుప్పుపడతాయి. సలాక చుట్టూ కాంక్రీటు వెంట్రుకవాసి విడిపోతుంది, వాన నీళ్లు ఆ సలాక వెంటే పిల్లర్‌లోకి దిగుతాయి. కింద దుకాణంలో పిల్లర్ పైభాగాన గోధుమరంగు చారలు కనిపిస్తున్నాయంటే కారణం ఇదే అయ్యుండొచ్చు. ఆ సలాకల మొదట్లో వేలు పెట్టి చూడండి. తుప్పు రేకులుగా ఊడి వస్తోందా, చుట్టూ గుంట పడి నీళ్లు నిలుస్తున్నాయా? రెండుమూడేళ్లలో అంతస్తు వేసే మాట నిజమైతే తుప్పు గీకించి, సిమెంటు పాలు పట్టించి, పలచని కాంక్రీటులో కప్పేయండి. వేసే ఉద్దేశం లేకపోతే కోయించి, మొదళ్లను మూసేయడం మేలు. భవిష్యత్తులో కావాలంటే రంధ్రం వేసి రసాయన జిగురుతో కొత్త సలాకలు నిలబెట్టే పద్ధతి ఉంది. కుటుంబంలో ఈ మాట ఎత్తడం కష్టమని నాకు తెలుసు. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న కొడుకు పేరు మీద ఆ సలాకలు నిలబడి ఉంటాయి. అయినా అడగాలి. అంతస్తు వస్తుందంటే ఈ కప్పు రేపు గచ్చు అవుతుంది, దాని మీద ఇప్పుడు ఖరీదైన కోబా వేయించడం దండగ.

సెల్ టవర్ కాళ్లు, హోర్డింగ్ ఫ్రేములు, సోలార్ పలకల బోల్టులు, ఏసీ పైపులు, ట్యాంకు దిమ్మెలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. స్లాబ్‌కు రంధ్రం వేసిన ప్రతివాడూ తన పని చూసుకుని వెళ్లిపోతాడు. రంధ్రం మీకు మిగులుతుంది. తూముల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒక బిందె నీళ్లు స్లాబ్ దూరపు మూలన పోసి అవి తూము దాకా నడుస్తాయో లేదో చూడండి. నూరడుగులకు ఒక అడుగు వాలు కనీసం ఉండాలి. వాన వెలిసిన రెండు రోజుల తర్వాత కూడా నీళ్లు నిలిచి ఉంటే వాటం చెడింది. నిలిచిన నీళ్ల బరువు తక్కువేమీ కాదు. వెయ్యి చదరపు అడుగుల మీద ఒక్క అంగుళం నీళ్లు నిలిస్తే 2,360 కిలోలు.

తర్వాత సుత్తి. అర కిలో సుత్తితో, రెండడుగులకొక చోట, కోబాను మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు తట్టి వింటామే, అదే చెవి కావాలి. గట్టిగా ఖంగుమంటే పట్టు ఉంది. డొల్లగా పలికితే కోబా స్లాబ్ నుంచి విడిపోయింది, నడుమ నీళ్లో గాలో ఉంది. డొల్ల పలికిన చోటల్లా సుద్దముక్కతో చుట్టండి. పూట గడిచేసరికి ఎక్కడ ఎంత పోయిందో మీ కళ్ల ముందు గీసి ఉంటుంది. నా లెక్కలో ఆ సుద్దగీతలు మొత్తం వైశాల్యంలో నాలుగో వంతు లోపుంటే ఆయా చోట్ల తవ్వి బాగు చేయించవచ్చు. సగానికి దగ్గరపడితే మొత్తం లేపడమే చవక. మధ్యలో ఉంటే, డొల్లలు ఒక పక్కనే గుమిగూడాయా, అంతటా చెదిరి ఉన్నాయా అన్నది చూసుకోవాలి. ఒక పక్క ఉంటే ఆ పక్క మటుకే మార్చండి. తుపాన్లు ఎక్కువగా వచ్చే అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం కూడా తన భవన నియమావళిలో ఈ నాలుగో వంతు గీతనే పెట్టుకుంది. ఏడాదిలో కప్పులో 25 శాతం కంటే ఎక్కువ బాగుచేయాల్సి వస్తే మొత్తాన్నీ కొత్త ప్రమాణాలకు తేవాలని అడిగేది. 2022లో దాన్ని కొంత సడలించింది. మన ఎండకూ మన కోబాకూ ఆ అంకె శాసనం కాదు. ఎక్కడో ఒకచోట గీత గీసుకుని నిర్ణయించడం మాత్రం అవసరం.

అనుమానం ఇంకా తీరకపోతే నీళ్లు కట్టి చూడాలి. గల్ఫ్‌లో వాటర్‌ప్రూఫింగ్ పనుల్లో చేసి వచ్చినవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఒకటి రెండు రోజులు నీళ్లు నిలిపి చూడకుండా అక్కడ పైన టైల్స్ పరచనివ్వరని వాళ్లు చెబుతారు. ఆ అనుభవాన్ని వాడుకోండి. తూముకు గుడ్డ కుక్కి, కప్పును మట్టి కట్టలతో మూడు నాలుగు మడులు చేసి, ఒక మడిలో అంగుళం నీళ్లు 24 గంటలు నిలపండి. కింద కాగితం పట్టుకుని ఒక మనిషి ఉండాలి. ఉరవకపోతే ఆ మడి తీసేసి రెండో మడికి. ఒక్క హెచ్చరిక: కింది వైపు సలాకలు బయటపడ్డ స్లాబ్ మీద ఈ పరీక్ష చేయకండి. ఆ బరువును అది మోయలేకపోవచ్చు.

అన్నింటికంటే బరువైన ప్రశ్న స్లాబ్‌ది. కింది నుంచి చూస్తే పెచ్చులూడి సలాక కనిపిస్తోందా? తుప్పు, తాను పుట్టిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే కాంక్రీటును లోపలి నుంచే పగలదోస్తుంది. మన ప్రమాణం ఐఎస్ 456 స్లాబ్ సలాకకు కనీసం 20 మిల్లీమీటర్ల కవరు ఉండాలంటుంది. సెంట్రింగ్ మీద సలాకలకు దిమ్మెలు పెట్టకుండా పోసిన స్లాబుల్లో అది వేలి గోరంత కూడా ఉండదు. బయటపడ్డ సలాకను వైరు బ్రష్‌తో గీకించి వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. 8 మిల్లీమీటర్ల సలాక 7 అయితే పోయింది ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. లెక్క వేస్తే దాని బలంలో దాదాపు నాలుగో వంతు పోయింది. ఒకటి రెండు చోట్ల అయితే వదులు కాంక్రీటు తీసి, సలాక వెనక దాకా శుభ్రం చేసి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చవచ్చు. గది గదికీ అదే కనిపిస్తే మేస్త్రీతో తేలే పని కాదు.

ఇంకో పరీక్ష దారంతో. దూలం నుంచి దూలానికి స్లాబ్ కింద దారం బిగించి కట్టి, నడుమ ఎంత దిగిందో కొలవండి. ప్రమాణం ఒప్పుకునేది దూరాన్ని 250తో భాగిస్తే వచ్చేంత. పన్నెండడుగులకు సుమారు 15 మిల్లీమీటర్లు. అది దాటి దిగినా, సలాకలు గదంతా తుప్పుపట్టినా ఆ గదిలో తానులు పేర్చడం ఆపి, పోట్లు పెట్టించి, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు భవనాన్ని పగలగొట్టకుండానే కాంక్రీటు పరిస్థితి చెబుతాయి. వరంగల్ ఎన్ఐటీ మనకు దూరమేమీ కాదు. పై అంతస్తులో సాంచాలు నడిచే భవనానికి ఈ పరీక్ష మరీ ముఖ్యం. నిమిషానికి నూరుసార్లకు పైగా కొట్టే సాంచాల అదురు, పగులున్న స్లాబ్‌ను ఊరుకోనివ్వదు.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించే అలవాటు ఒకటి చెబుతాను. పాత కోబా ఉరుస్తోందని దాని మీదే ఇంకో కోబా వేయించడం. తవ్వే కూలి, మట్టి ఎత్తే ట్రాక్టర్ మిగులుతాయని ఒప్పుకుంటారు. నాలుగంగుళాల కోబా వెయ్యి చదరపు అడుగులకు సుమారు 18 టన్నులు తూగుతుంది. మనుషులు ఎక్కి తిరిగే చదును కప్పు కోసం ఐఎస్ 875 లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకు 150 కిలోలు. అదే వైశాల్యానికి దాదాపు 14 టన్నులు. అంటే రెండో కోబా ఒక్కటే, డిజైన్లో మనుషుల కోసం, పందిళ్ల కోసం ఉంచిన మొత్తం చోటును మింగేసి ఇంకా పైకి పోతుంది. తడిస్తే ఇంకా బరువు. పైగా రెండింటి నడుమ చిక్కిన నీళ్లు బయటికి పోయే దారి లేక స్లాబ్‌లోకే దిగుతాయి. పాతది లేపలేనంటే కొత్తది వేయకండి. కప్పు మీద ఇప్పటికే రెండు పొరలు ఉంటే మూడోది పరచకూడదని, అడుగు పొర నీళ్లు తాగి ఉంటే అసలే పరచకూడదని అమెరికాలో నియమం. మనకు అలాంటి అడ్డు ఎవరూ పెట్టరు, మనమే పెట్టుకోవాలి.

కొలతలన్నీ చేతికొచ్చాక కూడా చాలామంది నిర్ణయం తీసుకోలేరు. ఇప్పటికే పెట్టిన డబ్బు వెనక్కి లాగుతుంది. "పోయినేడే కదా కోటింగ్ కొట్టించింది" అనుకుంటారు. ఆ డబ్బు పోయింది, ఈ ఏటి నిర్ణయంలో దానికి ఓటు లేదు. ఒక నోటుబుక్కు పెట్టి గత అయిదేళ్లలో ఈ కప్పు మీద పెట్టిందంతా రాయండి. తడిసిన తానులు, కాలిన మోటార్లు, కిరాయిదారు తగ్గించి ఇచ్చిన కిరాయి కూడా అందులోకి రావాలి. ఆ మొత్తం కొత్తగా వేయించే అంచనాలో మూడో వంతు దాటితే అతుకుల దారి మీకు చవకగా పడలేదని అర్థం. అంచనాలను పోల్చేటప్పుడు చదరపు అడుగు రేటు ఒక్కటే చూడకండి. ఆ పని ఎన్నేళ్లు నిలుస్తుందో ఆ ఏళ్లతో భాగించండి.

పని ఎప్పుడు పెట్టుకోవాలన్నది కూడా నిర్ణయంలో భాగమే. దసరా దాటాక కప్పు చూడండి, అప్పటికి వాన తన పని చూపించి ఉంటుంది. సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరకముందు పని చేయించండి. మృగశిర కార్తె ముంగిట పరుగెత్తితే మేస్త్రీ దొరకడు, దొరికినా స్లాబ్ ఆరదు, తడి మీద వేసిన కోటింగ్ బుడగలు లేచి ఊడుతుంది. పైపొర మార్చే వంతు వస్తే తెల్లది ఎంచుకోండి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం, కొత్తగా కట్టే వాణిజ్య భవనాలకు స్థలం ఎంతైనా వేడిని తిప్పికొట్టే కప్పు ఉండాలంటోంది. దాన్ని ప్రకటించిన అప్పటి పురపాలక మంత్రి కె. తారక రామారావు సిరిసిల్ల శాసనసభ్యుడే. పాత భవనాలకూ తెల్ల కప్పువల్ల మేలే: కార్ఖానాలో సెగ తగ్గుతుంది, స్లాబ్ సాగి ముడుచుకోవడం తగ్గుతుంది, పిట్టగోడ మూలలు ఎక్కువ కాలం నిలుస్తాయి.

మేస్త్రీతో మాట ఖాయం చేసుకునేటప్పుడు మీ కాగితం, సుద్దగీతల ఫొటోలు ముందు పెట్టండి. ఏ చోట ఏం తీస్తారు, ఎంత లోతు తీస్తారు, ఏ మందు ఎన్ని పూతలు, పూతకూ పూతకూ ఎంత వ్యవధి, తవ్విన మట్టి ఎవరు ఎత్తుతారు అన్నీ రాయించండి. గ్యారెంటీ ఇచ్చేది డబ్బా కంపెనీయా, పని చేసిన మేస్త్రీయా అన్నది విడిగా రాయించండి. కంపెనీ మందుకు పూచీ పడుతుంది గానీ ఊడ్వకుండా పూసిన చేతికి పడదు. చివరి నాలుగో వంతు డబ్బు ఆపి ఉంచండి. పని అయ్యాక తూములు మూసి, మళ్లీ అంగుళం నీళ్లు 24 గంటలు నిలిపి, కింద పొడిగా ఉందని ఇద్దరూ కలిసి చూసిన తర్వాతే అది ఇవ్వండి.